గుడి మైదానంలో ఓంగ్ బాక్

2004 ఏప్రిల్లో, థాయ్‌వాళ్ల కొత్త సంవత్సరం పండగ సోంగ్‌క్రాన్ రెండో రోజు రాత్రి, థాయ్‌లాండ్ ఈశాన్యంలో సురిన్ దగ్గర ఒక పల్లెటూళ్లో, గుడి మైదానంలో చాప మీద కూచుని ఓంగ్ బాక్ అనే థాయ్ ఫైటింగ్ సినిమా చూశాను. అంతకు ముందు ఏడాదే ఒకసారి ఏసీ హాల్లో చూసేశాను. తరవాత సీడీల్లో, లాప్‌టాప్‌లో, ఈమధ్య ఫోన్లో ఎన్నిసార్లు చూశానో లెక్కే లేదు. అయినా ఎవరైనా ఆ సినిమా పేరెత్తితే నాకు ముందు గుర్తొచ్చేది ఆ చాప, కాళ్ల మీద పాకే చీమలు, రెండు వెదురు గడల మధ్య కట్టిన తెల్లటి తెర, ఆ తెర గాలికి ఉబ్బినప్పుడల్లా దాంతో పాటు ఉబ్బే హీరో టోనీ జా ముఖం.

నేను అక్కడికెలా చేరానో ముందు చెప్పాలి. 2002 ఆగస్టులో మాస్టర్స్ చెయ్యడానికి ఏఐటీకి, అంటే ఆసియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి వెళ్లాను, బ్యాంకాక్‌కి ఉత్తరాన ఓ నలభై కిలోమీటర్ల దూరంలో పథుమ్ థానీలో ఉంటుంది. మన తెలుగువాళ్లు కొంతమంది ఉండేవాళ్లు కాబట్టి ఆదివారం పప్పుచారుకి లోటు ఉండేది కాదు. నాది మట్టి పరీక్షల పని. బ్యాంకాక్ నేల కింద ఉండే మెత్తటి బంకమట్టిని గొట్టాల్లో తీసుకొచ్చి, జాగ్రత్తగా బయటికి తోసి, సన్నటి తీగతో కోసి, అది ఎంత బరువు మోస్తుందో చూడాలి. ఆ కోయడం నాకు చేతకాక రోజుకి రెండు మూడు ముక్కలు పాడయ్యేవి. ల్యాబ్‌లో పనిచేసే ఒకాయన నా వెనకాల నిలబడి చూసి చూసి, ఒకరోజు ఏమీ అనకుండా నా చెయ్యి పట్టుకుని తీగని మట్టిలోంచి ఎలా లాగాలో నేర్పాడు. థాయ్‌లో మనకంటే పెద్దవాళ్లని 'పీ' అంటారు, అన్నకైనా అక్కకైనా అదే మాట. ఆ రోజు నుంచి ఆయన నాకు పీ. ఇప్పటికీ నా ఫోన్లో ఆయన నంబరు అదే పేరుతో ఉంది.

2003 జనవరి చివర్లో ఒక సాయంత్రం పీ నన్ను రంగ్సిత్‌లో సినిమాకి తీసుకెళ్లాడు. మా ఊరి కుర్రాడు హీరోగా వేశాడు, రావాల్సిందే అన్నాడు. మా ఊరు అంటే మరీ ఆయన ఊరు కాదు, అదే సురిన్ ప్రాంతం. ముందు రాజుగారి గీతం వచ్చింది, అందరూ లేచి నిలబడ్డారు, నేనూ నిలబడ్డాను. మేం చూసిన షోకి సబ్‌టైటిల్స్ లేవు. ఐదారు నెలల్లో నేను నేర్చుకున్న థాయ్ అన్నం తినడానికీ బస్సు ఎక్కడానికీ సరిపోయేది, అంతే.

సినిమా ఒక చెట్టుతో మొదలవుతుంది. పెద్ద చెట్టు, పైన చిటారు కొమ్మకి ఒక జెండా, ఊరి కుర్రాళ్లందరూ ఒంటికి మట్టి పూసుకుని దాన్ని అందుకోవడానికి ఎగబాకుతుంటారు, ఒకణ్ణొకడు లాగేసుకుంటారు, తోసేసుకుంటారు. పడేవాళ్లు పడిపోతుంటారు. మొదటివాడు పడ్డప్పుడు నేను మామూలుగానే చూశాను. రెండోవాడు కొమ్మకి నడుము తగిలి తిరగబడి నేల మీద పడ్డాడు. అప్పుడు నా ఒళ్లు జలదరించింది, ఎందుకంటే ఆ పడటం మధ్యలో ఎక్కడా షాటు మారలేదు. మనిషి పైన ఉన్నాడు, కింద పడ్డాడు, దుమ్ము లేచింది. తాళ్లు కట్టి గాల్లో తిప్పే ఫైట్లు చూసీ చూసీ అలవాటైన కళ్లు నావి. పడినవాడు నిజంగా పడ్డాడని నమ్మడానికి నాకు ఇంకో రెండు మూడు సీన్లు పట్టింది.

కథ చెప్పాలంటే రెండు ముక్కలే. ఊరి దేవుడు, ఓంగ్ బాక్ అనే బుద్ధ విగ్రహం, దాని తలని ఒకడు కోసుకుని పట్నానికి పట్టుకుపోతాడు. ఊరివాళ్లు తల్లడిల్లిపోతారు. గుళ్లో పెరిగిన టింగ్ అనే కుర్రాడు తల తెస్తానని బయల్దేరతాడు. బయల్దేరే ముందు ఊళ్లో వాళ్లు తలా కొంచెం, చిల్లర డబ్బులు, చిన్నచిన్న వస్తువులు, తమ దగ్గర ఉన్నదేదో తెచ్చి ఇస్తారు. ఒక్క మాట అర్థం కాకపోయినా ఆ సీను నాకు పూర్తిగా అర్థమైంది. నేను బ్యాంకాక్ విమానం ఎక్కే ముందు మా ఇంట్లో జరిగింది కూడా అదే, మా పెద్దమ్మ చెంగున ముడేసిన రెండు వంద నోట్లు తీసి నా జేబులో కుక్కింది.

పట్నంలో ఆ ఊరివాడే హమ్‌లే ఉంటాడు. పేరు జార్జ్ అని మార్చుకుని, ఊరి సంగతి ఎత్తితే మొహం తిప్పేసుకుంటూ, చిన్న చిన్న మోసాలు చేసుకుంటూ బతుకుతుంటాడు. ఆ వేషం వేసినాయన పెట్చ్‌తాయ్ వోంగ్‌ఖమ్‌లావ్. అక్కడ పెద్ద హాస్యనటుడు, ఆ రోజుకి ఆ సినిమాలో జనానికి బాగా తెలిసిన ముఖం అదే. ఆయనదీ ఈశాన్యమే, యసోథోన్. ఈశాన్యాన్ని వాళ్లు ఈసాన్ అంటారు. నీళ్లు తక్కువ, పంట తక్కువ, కుర్రాళ్లు టాక్సీలు తోలడానికీ భవనాలు కట్టడానికీ బ్యాంకాక్ పోవాల్సిన ప్రాంతం. మువాయ్ థాయ్ అంటే చేతులతో పాటు కాళ్లు, మోచేతులు, మోకాళ్లతో కూడా కొట్టుకునే థాయ్ బాక్సింగ్, రింగులో దిగే ఆ బాక్సర్లలో కూడా బోలెడుమంది అక్కణ్ణించి వచ్చినవాళ్లే. హాల్లో పీ ఎక్కడ నవ్వాడో, ఎక్కడ నవ్వడం ఆపేశాడో నాకు ఇప్పటికీ గుర్తుంది. హమ్‌లే తన సొంత ఊరి డబ్బు కాజేసి జూదంలో పెట్టినప్పుడు పీ నవ్వలేదు.

ఇంక ఫైట్ల గురించి. గల్లీల్లో తరుముకునే సీను ఒకటి చాలు. ముళ్లతీగ చుట్టలోంచి దూరిపోతాడు, మనుషుల భుజాల మీద కాళ్లు పెట్టుకుంటూ పరిగెడతాడు, ఇద్దరు మోసుకెళ్తున్న అద్దాల మధ్య సందులోంచి దూకుతాడు, కదిలే కారు కింద నుంచి కాళ్లు రెండూ బార చాపి జారిపోతాడు. ప్రతి పెద్ద దూకుడునీ రెండోసారి, మూడోసారి ఇంకో వైపు నుంచి చూపిస్తాడు. అలా మళ్లీ చూపించడం కొందరికి నచ్చదు, కథ ఆగిపోతుందంటారు. నాకు మాత్రం చాలా నచ్చింది. నిజంగా చేశాం, ఈ పక్క నుంచి కూడా చూసుకో అన్నట్టుంటుంది. డూపు లేడు, తాళ్లు లేవు, కంప్యూటర్ గ్రాఫిక్స్ లేవు అనే మాట మీదే వాళ్లు ఆ సినిమాని అమ్మారు. చివర్లో కాళ్లకి మంటలు అంటుకుని ఆ మంటలతోనే తన్నే సీనుంది. అప్పుడు మంట పైకెగసి కనుబొమ్మలు, రెప్పలు కాలాయని టోనీ జా తరవాత చెప్పాడు.

డబ్బు తక్కువ సినిమా అని చూస్తూనే తెలిసిపోతుంది. సందులు, గోడౌన్లు, సగంలో ఆగిపోయిన ఫ్లైఓవర్. ఆ ఫ్లైఓవర్ దగ్గరే టుక్‌టుక్‌ల ఛేజింగ్, అంటే మన ఆటోల్లాంటివే, ఒకదాని వెనక ఒకటి కింద పడతాయి. ఆ సందట్లో ఒకచోట గోడ మీద హాలీవుడ్ దర్శకుడు స్పీల్‌బర్గ్‌కి హాయ్ చెబుతూ కలిసి సినిమా చేద్దామని ఇంగ్లీషులో రాసి ఉంటుంది, ఆయన పేరులో స్పెల్లింగ్ తప్పుతో సహా. ఇంకోచోట ఫ్రెంచి దర్శకుడు లుక్ బెసోన్ కోసం ఎదురుచూస్తున్నామని ఉంటుంది. దర్శకుడు ప్రాచ్యా పిన్‌క్యావ్ ఆ రాతల్ని సినిమాలో అలా ఉండనిచ్చాడు. అది చూసినప్పుడల్లా నాకు ఆ టీమ్ మీద ప్రేమ పొంగుకొస్తుంది. ఎందుకంటే నిజంగానే ఫ్రాన్స్‌లో బెసోన్ కంపెనీ ఆ సినిమాని కొని, సంగీతం మార్చి ప్రపంచమంతా తిప్పింది. గోడ మీద రాసిన ఉత్తరం చేరింది.

హాల్లోంచి బయటికొచ్చాక పీ టోనీ జా గురించి చెప్పాడు. వాళ్లు అతన్ని టోనీ అనరు, జా పనోమ్ అంటారు. ఏనుగులు పెంచే కుటుంబం, కూయ్ అనే తెగ, సురిన్ చుట్టుపక్కల తరతరాలుగా ఏనుగుల్ని పట్టి, మచ్చిక చేసి, సాకిన జనం. చిన్నప్పుడు గుడి తిరునాళ్లలో తెర మీద బ్రూస్ లీనీ, జాకీ చాన్‌నీ చూసి పొలంలో సాధన చేసేవాడట, ఏనుగుని స్నానానికి తీసుకెళ్తే దాని వీపు మీంచే పల్టీ కొట్టి నీళ్లలోకి దూకేవాడట. పన్నా రిట్టిక్రాయ్ అని ఖోన్ కేన్‌లో ఒక స్టంట్ మాస్టర్ ఉండేవాడు, ఆయన సినిమా చూసి ఈ పిల్లాడు అక్కడికి పంపమని ఇంట్లో పట్టుబట్టాడు. తండ్రి తీసుకెళ్లాడు. ఇంకా చిన్నవాడివి, పదిహేనేళ్లు వచ్చాక రా అని ఆయన చెప్పాడు. వచ్చాడు. ఆ ఇద్దరూ కలిసి పాత మువాయ్ విద్యని ఏళ్ల తరబడి సాధన చేసి, అందులోంచి కొన్ని ఫైట్లు చిత్రీకరించి ప్రాచ్యాకి చూపిస్తే, అది ఓంగ్ బాక్ అయింది.

ఆ పాత విద్య పేరు మువాయ్ బోరాన్. బోరాన్ అంటే ఏంటని పీని అడిగాను, పాతకాలపుది అన్నాడు. మన పురాణం అన్న మాటే అదని తరవాత తెలిసింది. మాట అటు వెళ్లి అలా మారింది. బాక్సర్లు రింగులో దిగాక ముందు గురువుకి దణ్ణం పెట్టుకుంటూ నెమ్మదిగా ఒక నాట్యం చేస్తారు, దాన్ని వాయ్ ఖ్రూ అంటారు, ఆ ఖ్రూ మన గురువే. సోంగ్‌క్రాన్ మన సంక్రాంతి అన్న మాటే. ఇలాంటివి దొరికినప్పుడల్లా ఆ దేశం నాకు కొంచెం కొంచెం దగ్గరయ్యేది.

ఏడాది గడిచింది. నా థీసిస్ చివరికొచ్చింది, మేలో తిరిగొచ్చెయ్యాలి. ఏప్రిల్లో సోంగ్‌క్రాన్‌కి పీ మా ఊరు రా అన్నాడు. థర్డ్ క్లాసు రైలు, ఎండ, కిటికీలన్నీ తెరిచే ఉన్నాయి, ప్రతి స్టేషన్లో కోడి కాల్చి పుల్లకి గుచ్చినవీ, సంచిలో కట్టిన జిగురన్నమూ అమ్మడానికి ఎక్కేవాళ్లు. అయుత్థాయ, కోరాట్, బురిరామ్, సురిన్. అక్కణ్ణించి రెండు వైపులా బల్లలేసిన సోంగ్‌తేవ్ బండిలో ఇంకో గంట. వాళ్ల ఇంట్లో మాట్లాడుకునేది థాయ్ కాదు, ఖ్మేర్. నా కొద్దిపాటి థాయ్ కూడా అక్కడ పనికిరాలేదు. వాళ్లమ్మగారు నాతో ఖ్మేర్‌లోనే మాట్లాడేవారు, నేను తెలుగులోనే జవాబు చెప్పేవాణ్ణి, పళ్లెంలో అన్నం మాత్రం ఎప్పుడూ ఆగలేదు.

పీ వాళ్ల నాన్నగారు వరి రైతు. వయసులో ఉన్నప్పుడు తిరునాళ్లలో మువాయ్ ఆడారు. సినిమా పిచ్చి నాకు పట్టిందని పీ చెప్పినట్టున్నాడు, మధ్యాహ్నం ఆయన లోపలికెళ్లి నూలు తాడు ఒకటి తెచ్చారు. నన్ను అరుగు మీద కూచోబెట్టి నా కుడిచెయ్యి తన మోకాలి మీద పెట్టుకున్నారు. ముందు మణికట్టు దగ్గర నాలుగు చుట్లు, తరవాత బొటనవేలి పక్కనుంచి అరచేతి మీదుగా పైకి, వేళ్ల మధ్య నుంచి ఒక్కొక్క చుట్టు, మెటికల మీదికి రాగానే తాడుని మెలితిప్పి గట్టి ముడిలా కూచోబెట్టేవారు, మళ్లీ కిందికి. తాడు పాతది, చెమట వాసన. ప్రతి చుట్టుకీ నన్ను పిడికిలి బిగించమని, వదలమని చూపించేవారు. బిగిస్తే పట్టుండాలి, వదిలితే రక్తం ఆడాలి. దీన్ని ఖాడ్ చుయెక్ అంటారు, 1920ల చివర్లో గ్లౌజులు వచ్చేదాకా రింగుల్లో ఇలాగే తాడు చుట్టుకుని కొట్టుకునేవాళ్లు. చుట్టడం అయ్యాక నా పిడికిలి నాది కానట్టు బరువుగా ఉంది. ఆయన తన అరచేతి మీద కొట్టమన్నారు. కొట్టాను. ఆయన చెయ్యి కదల్లేదు. నా భుజం పట్టుకుని పక్కకి తిప్పి, మడమ లేపించి, మళ్లీ కొట్టమన్నారు. ఈసారి చప్పుడు వచ్చింది, ఆయన పళ్లన్నీ కనిపించేలా నవ్వారు.

ఆ సాయంత్రమే గుళ్లో బొమ్మ వేస్తారన్నారు. ఆరుబయట వేసే సినిమాని నాంగ్ క్లాంగ్ ప్లేంగ్ అంటారు. థాయ్‌లో నాంగ్ అంటే తోలు. తోలుబొమ్మలాట నుంచి ఆ మాట సినిమాకి వచ్చింది, ఇప్పటికీ సినిమాని తోలు అనే పిలుస్తారు. మనం 'బొమ్మ పడింది', 'బొమ్మ అదిరింది' అంటాం కదా, వాళ్లు తోలు ఉంచుకున్నారు, మనం బొమ్మ ఉంచుకున్నాం. తెనాలి దగ్గర మా ఊళ్లో చిన్నప్పుడు వీధిలో తెర కట్టినప్పుడు మేం తెర వెనక్కెళ్లి ఇసకలో పడుకుని తిరగేసిన సినిమా చూసేవాళ్లం. ఇక్కడా తెర వెనక పిల్లలున్నారు! వెళ్లి వాళ్ల పక్కన పడుకోవాలనిపించింది. పీ చిన్నప్పుడు మందుల కంపెనీల వాళ్లు వ్యానులో వచ్చి ఊరికే సినిమా వేసేవాళ్లట, మంచి పట్టులో ఉన్నప్పుడు ఆపేసి తలనొప్పి మందు, కడుపునొప్పి మందు అమ్మేవాళ్లట, అమ్మకం అయితేగానీ మళ్లీ బొమ్మ కదిలేది కాదు. అన్ని పాత్రలకీ ఒక్కడే మైకు పట్టుకుని గొంతు చెప్పేవాడట. పన్నా మాస్టారి పాత సినిమాలు, చేతిలో ఉన్న కాసిని డబ్బులతో తన ఊరి కుర్రాళ్లని పెట్టి తీసినవి, అలాంటి తెరల మీదే బాగా ఆడాయి.

అదే సినిమా, అదే చెట్టు, కానీ ఈసారి చూసేవాళ్లు వేరు. చెట్టు మీంచి ఒక్కొక్కడూ పడుతుంటే ముసలమ్మలు 'ఓయ్, ఓయ్' అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటున్నారు, సొంత మనవడు పడ్డట్టు. విగ్రహం తల కోసేసినప్పుడు మైదానమంతా మూగబోయింది. మా వెనకాలే, ఇరవై గజాల్లో, ఆ ఊరి బుద్ధుడు దీపాల వెలుగులో కూచుని ఉన్నాడు. ఒకావిడ వెనక్కి తిరిగి ఆయన్ని ఒకసారి చూసుకుని మళ్లీ తెర వైపు తిరిగింది. ఆ తిరగడం నేను చూశాను.

నాకు అన్నిటికన్నా గుర్తుండిపోయింది గెలిచిన ఫైటు కాదు, ఓడిపోయేది. తల తిరిగిస్తామని ఆశపెట్టి టింగ్‌ని కావాలని ఓడిపొమ్మంటారు. ఎదుటివాడు బలానికి సూదిమందు ఎక్కించుకున్న రాక్షసుడు. టింగ్ తాడు చుట్టుకున్న చేతులతో నిలబడి దెబ్బలు తింటాడు. కొట్టగలడు, కొట్టడు. హాల్లో చూసినప్పుడు ఈ ఫైటు ఎప్పుడైపోతుందా అని చూశాను. ఇక్కడ, ఒకప్పుడు ఇలాంటి మైదానంలోనే దెబ్బలు తిన్న మనిషి పక్కన కూచుని చూస్తుంటే వేరేగా ఉంది. నాన్నగారు ఆ సీను పొడుగునా రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, పిడికిళ్లు బిగించి, వదిలి, బిగించి, వదిలి కూచున్నారు. ఎవరూ ఈల వెయ్యలేదు. హమ్‌లే తువ్వాలు విసిరినప్పుడు ఆయన గట్టిగా ఊపిరి వదలడం నాకు వినపడింది.

చివర్లో హమ్‌లే ఆ తలని కాపాడుతూ చనిపోతాడు. ఊరి పేరు చెప్పుకోడానికి సిగ్గుపడ్డవాడు. టింగ్ గుండు చేయించుకుని, సన్యాసం తీసుకుంటూ, ఏనుగు మీద ఊరేగింపుగా ఊళ్లోకి వస్తాడు. ఆ ఊరేగింపు రాగానే చుట్టూ ఉన్నవాళ్లు లేచి నిలబడి ఒకరికొకరు వేళ్లతో చూపించుకోవడం మొదలుపెట్టారు. ఏంటని పీని అడిగాను. సురిన్‌లో తా క్లాంగ్ అనే ఏనుగుల ఊళ్లో కుర్రాళ్లు సన్యాసం తీసుకునేటప్పుడు ఇప్పటికీ ఏనుగుల మీదే ఊరేగిస్తారట. బ్యాంకాక్‌లో అది సినిమా ముగింపు. వీళ్లకి వచ్చే నెల చూడబోయే పండగ.

ఆ టీమ్ ఆ తరవాత ఇంకా తీసింది. 2005లో తోమ్ యమ్ గూంగ్‌లో ఒక భవనం మెట్లెక్కుతూ నాలుగు నిమిషాల పాటు కట్ లేకుండా సాగే ఫైటుంది, 2008లో జీజా యానిన్ అనే అమ్మాయితో చాకొలెట్ వచ్చింది. అన్నీ చూశాను. 2014 జులైలో పీ ఫోన్ చేసి పన్నా మాస్టారు పోయారని చెప్పాడు. యాభై మూడేళ్లే. జబ్బు చేసి పోయారు. ఇద్దరం చాలాసేపు మాట్లాడుకోలేదు, ఫోన్ మాత్రం పెట్టెయ్యలేదు. మాస్టారు టోనీ జా అంత పేరు తెచ్చుకోలేదు, బయటి దేశాల్లో చాలామందికి ఆయన పేరే తెలీదు, కానీ ఆ చెట్టు మీంచి పడ్డ ప్రతి కుర్రాడికీ ఎలా పడాలో నేర్పింది ఆయనే. అది నేను ఎక్కడైనా, ఎవరితోనైనా చెబుతాను.

పండగ మూడో రోజు పొద్దున మేం బయల్దేరుతుంటే నాన్నగారు నన్ను కూచోబెట్టి, నిన్న తాడు చుట్టిన అదే చేతికి తెల్లటి నూలుదారం కట్టారు. నోట్లో ఏదో గొణుక్కుంటూ మూడు ముళ్లు వేశారు. కనీసం మూడు రోజులు ఉంచుకోవాలి, కత్తెరతో కోయకూడదు అని పీ చెప్పాడు. నేను అసలు తియ్యలేదు. థీసిస్ డిఫెన్స్ ఆ దారంతోనే అయింది, మాసిపోయి మట్టి రంగుకి వచ్చింది, మేలో చెన్నైలో దిగి రైలెక్కి తెనాలి వచ్చేదాకా చేతికే ఉంది.

ఆ రాత్రి అన్నం పెడుతూ అమ్మ చూసింది. "ఏ గుడిదిరా ఆ తోరం?" అంది. ఏ గుడి అని చెప్పను? మొత్తం చెప్పాను. ఊరు, పీ, వాళ్ల నాన్నగారు, తెర, దేవుడి తల కోసుకుపోవడం, ఒక కుర్రాడు పట్నం వెళ్లడం, చిల్లర పోగేసి ఇచ్చిన ఊరివాళ్లు, దెబ్బలు. ముద్ద చేతిలో ఎండిపోతుంటే ఓ అరగంట చెప్పినట్టున్నాను. అమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడి వింది. ఫైట్ల దగ్గరకొచ్చి నేను లేచి చూపించబోతుంటే ఆపింది.

"అవన్నీ సరేలేరా, ఇంతకీ తల దొరికిందా?"

దొరికిందమ్మా అన్నాను. అప్పుడు చారు పోసింది.